మొదటి మెట్టు ఊళ్లోనే: పశ్చిమ ప్రకాశం నుంచి మేధోవలస

చదువుకున్నవారు, వృత్తి నైపుణ్యం ఉన్నవారు సొంత ప్రాంతాన్ని విడిచి, మెరుగైన జీతం, సౌకర్యాలు, గుర్తింపు దొరికే చోటికి తరలిపోవడాన్ని మేధోవలస అంటారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్ శాస్త్రవేత్తలు వరసగా అమెరికా, కెనడాలకు వెళ్లిపోతుంటే 1963లో లండన్‌లోని రాయల్ సొసైటీ ఆ విషయంపై ఒక నివేదిక ప్రచురించింది. సంపన్న దేశంలో మొదలైన ఆ ఆందోళన కొద్ది ఏళ్లలోనే భారత్ వంటి దేశాలకు మరింత పెద్ద సమస్య అయింది. ప్రజల పన్నులతో చదివించిన డాక్టర్లు, ఇంజనీర్లు, శాస్త్రవేత్తలు చదువు పూర్తికాగానే పరాయి దేశాల ఆసుపత్రులకు, ప్రయోగశాలలకు తరలిపోవడం అప్పటి నుంచి ఆగలేదు.

తెలుగునాట ఈ మాట వినగానే డల్లాస్, న్యూజెర్సీ గుర్తొస్తాయి. ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి వైపున ఉన్న బేస్తవారిపేట, కంభం, గిద్దలూరు, మార్కాపురం ప్రాంతం నుంచి చూస్తే మాత్రం అమెరికా విమానం ఈ ప్రయాణంలో చివరి మెట్టు. మొదటి మెట్టు ఆరో తరగతిలోనో ఇంటర్మీడియెట్‌లోనో పడుతుంది. చదువులో చురుకైన పిల్లలు ఊరి బడి వదిలి మార్కాపురం హాస్టలుకో, ఒంగోలు, గుంటూరు, విజయవాడ కాలేజీలకో వెళ్తారు. ఇంజనీరింగో మెడిసినో అయ్యాక హైదరాబాదు, బెంగళూరు చేరతారు. వాళ్లలో కొందరు సముద్రం దాటుతారు. ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ వెనక్కి వచ్చే దారి సన్నబడుతుంది.

దేశానికి నష్టం చివరి మెట్టు దగ్గర జరిగితే, ఊరికి నష్టం మొదటి మెట్టు దగ్గరే జరుగుతుంది. హైదరాబాదులో స్థిరపడిన డాక్టరు భారతదేశానికి దక్కినట్టే లెక్క. బేస్తవారిపేటలో జ్వరంతో పడి ఉన్న మనిషికి ఆ డాక్టరు హైదరాబాదులో ఉన్నా, కాలిఫోర్నియాలో ఉన్నా తేడా లేదు. మేధోవలసను అర్థం చేసుకోవడానికి ఇలాంటి చిన్న ఊళ్ల నుంచి మొదలుపెట్టాల్సిన కారణం ఇదే.

నేల, నీరు, దూరం

నల్లమల కొండల తూర్పు వాలున ఉన్న ఈ ప్రాంతం వర్షాధారపు మెట్ట. కంది, పత్తి, మిరప, పొగాకు వంటి పైర్లు వానమీద, బోర్లమీద ఆధారపడతాయి. విజయనగర రాజుల కాలంలో గుండ్లకమ్మ మీద కట్టిన కంభం చెరువు ఇప్పటికీ ఈ వైపున్న పెద్ద నీటి వనరు. 2020లో దానికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు కూడా దక్కింది. వానలు సరిగా పడని ఏడు ఆ చెరువూ అడుగంటుతుంది, ఊళ్లకు ట్యాంకర్లతో నీళ్లు తోలాల్సి వస్తుంది. భూగర్భ జలంలో ఫ్లోరైడు మరో బాధ. దంతాల మీద గార, కీళ్ల నొప్పులు, వంగిపోయిన నడుములు పడమటి మండలాల్లో తరాలుగా ఉన్నాయి.

ఈ కష్టానికి జవాబుగా తలపెట్టినదే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు. శ్రీశైలం జలాశయంలోకి వచ్చే కృష్ణా వరద నీటిలో 43.5 టీఎంసీలను నల్లమల కింద తవ్విన రెండు సొరంగాల ద్వారా తెచ్చి, ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లోని 30 మండలాల్లో 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు, 15.25 లక్షల మందికి తాగునీరు ఇవ్వాలన్నది లక్ష్యం. శంకుస్థాపన 1996లో జరిగింది. పద్దెనిమిది కిలోమీటర్లకు పైగా సాగే ఆ సొరంగాలను 2024 మార్చిలో ప్రారంభించారు. నిర్వాసితుల పునరావాసం, కాలువల పనులు ఆ తర్వాతా మిగిలే ఉన్నాయి. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లలు ఇంజనీరింగు చదివి, ఉద్యోగాల్లో చేరి, పెళ్లిళ్లు చేసుకునే వయసుకు వచ్చినా పొలాల్లోకి ఆ నీళ్లు రాలేదు. సేద్యాన్ని నమ్ముకుని ఊళ్లో ఉండమని కొడుక్కో కూతురికో చెప్పే ధైర్యం ఏ రైతుకూ లేకపోవడానికి ఇంతకు మించిన వివరణ అక్కర్లేదు.

దూరం మూడో కారణం. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ ఏడాది ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలను కలిపి ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పాటుచేశారు. 1972లో దానికి ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. జిల్లా మారినా దూరం తగ్గలేదు. బేస్తవారిపేట నుంచి ఒంగోలు వంద కిలోమీటర్లకు పైమాటే. నంద్యాల వెళ్లాలంటే నల్లమల కనుమ దాటాలి. పెద్ద ఆసుపత్రి, మంచి కాలేజీ, కలెక్టరు కార్యాలయం అన్నీ దూరంగానే ఉండిపోయాయి. మార్కాపురం జిల్లా కావాలన్న దశాబ్దాల కోరికకు 2025 చివర్లో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదం తెలపడానికి వెనుక ఉన్నది ఈ దూరమే.

స్థానికంగా చదువుకున్నవారికి పని చూపే పరిశ్రమలూ తక్కువ. మార్కాపురం పలకలకు ఒకప్పుడు దేశమంతటా గిరాకీ ఉండేది. నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక బడి పలక వెనకబడి, రాతి పరిశ్రమ ఇళ్ల గోడలకు, నేలకు వేసే డిజైన్ రాళ్ల వైపు మళ్లింది. దేశంలోని ఎందరో పిల్లల చేత అక్షరాలు దిద్దించిన పట్టణం, ఆ అక్షరాలు నేర్చిన తన పిల్లలకు మాత్రం తగిన ఉద్యోగం ఇవ్వలేకపోయింది.

తరతరాల ప్రయాణం

చదువుకోసం ఊరు వదలడం కొత్త సంగతి కాదు. జిల్లాకు ఎవరి పేరు పెట్టారో ఆ టంగుటూరి ప్రకాశం కూడా అలా వెళ్లినవారే. 1872లో వినోదరాయునిపాలెంలో పుట్టిన ఆయన చదువు కోసం ఒంగోలు, అక్కడి నుంచి రాజమండ్రి, మద్రాసు, చివరికి ఇంగ్లండు దాకా వెళ్లి బారిస్టరై తిరిగివచ్చారు. మద్రాసులో గొప్పగా సాగుతున్న వకీలు వృత్తిని వదిలి స్వాతంత్ర్యోద్యమంలో దిగి, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన తరంలో విదేశీ చదువు ముగిశాక స్వదేశానికి రావడమే రివాజు.

తిరిగిరాని వలసకు తొలి గొప్ప ఉదాహరణ యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టిన ఈయన మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్ల ఆచార్యుడి ఆగ్రహానికి గురయ్యారు. పూర్తి ఎంబీబీఎస్ డిగ్రీకి బదులు తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. 1923లో అమెరికా చేరి, హార్వర్డులోను, ఆపైన లెడర్లే సంస్థలోను పనిచేసి ఫోలిక్ ఆమ్లం, క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్, యాంటీబయాటిక్ ఆరియోమైసిన్ వంటివి ప్రపంచానికి అందించారు. 1948లో అక్కడే కన్నుమూశారు. ప్రతిభకు తగిన గౌరవం, పరిశోధనకు వసతి లేని చోట నుంచి మేధావి ఎలా జారిపోతాడో ఆయన జీవితం చెబుతుంది. జీతం ఒక్కటే మనిషిని కదిలించదు. సంస్థల చిన్నచూపు కూడా అంతే బలంగా బయటికి నెడుతుంది.

పెద్ద ప్రవాహం స్వాతంత్ర్యం తర్వాత మొదలైంది. విశాఖలో 1923 నుంచి ఉన్న ఆంధ్ర వైద్య కళాశాలకు తోడుగా 1946లో గుంటూరులో, 1957లో కర్నూలులో, 1958లో కాకినాడలో వైద్య కళాశాలలు వచ్చాయి. అదే కాలంలో బ్రిటన్‌లో 1948లో మొదలైన జాతీయ ఆరోగ్య సేవకు డాక్టర్లు చాల్లేదు. జాతుల వారీ కోటాలను రద్దుచేసిన 1965 నాటి అమెరికా వలస చట్టం 1968 నుంచి అమల్లోకి రాగానే ఆ తలుపూ తెరుచుకుంది. కోస్తా, రాయలసీమ వైద్య కళాశాలల్లో చదివినవారు బృందాలుగా వెళ్లారు. 1977లో ఉత్తర అమెరికా తెలుగు సంఘం, తానా, ఏర్పడే నాటికే అక్కడ తెలుగు డాక్టర్ల సమాజం బలంగా ఉంది.

తర్వాతి అల కంప్యూటరుది. 1990 నాటి అమెరికా చట్టం విదేశీ నిపుణులకు తాత్కాలిక ఉద్యోగానికిచ్చే హెచ్-1బీ వీసాను తెచ్చింది. 2000 సంవత్సరం వస్తోందంటే పాత కంప్యూటర్ ప్రోగ్రాములు సరిదిద్దేవారికి గిరాకీ పుట్టింది. హైదరాబాదు అమీర్‌పేటలో కోర్సు నేర్చి విమానం ఎక్కడం ఒక దారిగా స్థిరపడింది. రాష్ట్రంలో ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలు వందల్లో వెలిశాయి, మార్కాపురం చుట్టుపక్కలకూ చేరాయి. ఫీజు రీయింబర్స్‌మెంటుతో పేద కుటుంబాలకూ ఇంజనీరింగు అందింది. 2010-17 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవారు 86 శాతం పెరిగారు. అంత వేగంగా పెరిగిన మరో భాష ఆ దేశంలో ఆ ఏళ్లలో లేదు. ఇప్పుడు ఉద్యోగం కన్నా ముందు ఎమ్మెస్ పేరుతో విద్యార్థిగా వెళ్లడం ఎక్కువ. 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో 3.31 లక్షల మంది భారతీయ విద్యార్థులున్నారు. చైనాను దాటి భారత్ మొదటి స్థానానికి వచ్చిన ఏడు అది.

నెట్టేవి, లాగేవి

వలసకు కారణాలను సామాజిక శాస్త్రవేత్తలు రెండుగా విడదీస్తారు: ఉన్న చోటు నుంచి నెట్టేవి, వెళ్లే చోటికి లాగేవి. పశ్చిమ ప్రకాశంలో నెట్టేవి కరువు, ఉద్యోగాలు లేకపోవడం, ఆసుపత్రులు, కాలేజీలు దూరం కావడం. లాగేవి జీతం, పరిశోధన వసతులు, పిల్లల చదువు, పని చేసే చోట మర్యాద. వీటికి తోడు మూడోది ఉంది. అది గొలుసు. ఒక ఊరి నుంచి ఒకరు వెళ్లి నిలదొక్కుకుంటే వాళ్ల బావమరిది, పెద్దనాన్న కొడుకు, కాలేజీ స్నేహితుడు వెంట వెళ్తారు. దిగిన రోజు ఎవరింట్లో ఉండాలి, ఏ యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టాలి, బ్యాంకు బ్యాలెన్సు ఎలా చూపించాలి అన్నవి ఫోన్లోనే తెలిసిపోతాయి. ఊరి నుంచి ఎవరూ వెళ్లని కుటుంబానికి ఆ సమాచారం కన్సల్టెన్సీకి డబ్బు కడితేగానీ దొరకదు.

చదువుల వ్యవస్థ కూడా వలసను పెంచేలా నడుస్తోంది. ప్రతిభ ఉన్న గ్రామీణ పిల్లలను ఏరి బాగా చదివించాలన్న గొప్ప ఆలోచనతో 1970ల మొదట్లో సర్వేల్, తాడికొండ, కొడిగెనహళ్లి గురుకులాలు మొదలయ్యాయి. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో ట్రిపుల్ ఐటీలు పెట్టారు. ఇవి పేద పిల్లల జీవితాలను మార్చాయన్నది నిజం. అయితే ఊరి బడిలో మొదటి ర్యాంకు వచ్చిన విద్యార్థి ఆ ఊరి నుంచి వెళ్లిపోవడం కూడా దానితోనే స్థిరపడింది. ఒంగోలు ట్రిపుల్ ఐటీ 2016లో మంజూరైనా దాని తరగతులు చాలా ఏళ్లు ఇడుపులపాయ ప్రాంగణంలోనే నడిచాయి. జిల్లా పేరుతో వచ్చిన సంస్థకు కూడా జిల్లా పిల్లలు బయటికే వెళ్లాల్సి వచ్చింది.

ఎవరు వెళ్లగలరన్నది ఆస్తిమీద, కులంమీద కూడా ఆధారపడింది. మొదటి తరంలో పొలం, చదువు రెండూ ఉన్న ఇళ్ల నుంచే వెళ్లారు. రిజర్వేషన్లు, గురుకులాలు, ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చాక దళిత వాడల నుంచి, సుగాలి తండాల నుంచి మొదటి తరం పట్టభద్రులు వచ్చారు. చదువు అందని ఇళ్ల నుంచి మరో వలస సాగుతోంది. మిరప కోతల కాలంలో గుంటూరు వైపు, మిగతా రోజుల్లో హైదరాబాదు, బెంగళూరు కట్టడపు పనులకు కూలీలు వెళ్తారు. పని అయ్యాక ఆ కూలీ ఊరికి తిరిగి వస్తాడు, చదువుకున్నవాడు రాడు. ఒకే ఊరి నుంచి సాగే ఈ రెండు ప్రయాణాలకూ మూలం ఒకటే: ఊళ్లో పని లేకపోవడం.

ఖాళీ అయ్యే వృత్తులు

మేధోవలస దెబ్బ అన్నింటికన్నా ముందు వైద్యంలో కనిపిస్తుంది. ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో 30 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 1.2 లక్షల మందికి ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. సామాజిక ఆరోగ్య కేంద్రంలో సర్జను, ఫిజీషియను, స్త్రీ వైద్య నిపుణురాలు, పిల్లల వైద్యుడు తప్పనిసరి. 2022 నాటి కేంద్ర గణాంకాల ప్రకారం దేశంలోని గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ఈ నిపుణుల కొరత దాదాపు 80 శాతం. భవనం, మంచాలు, పరికరాలు ఉండి కూడా ఆపరేషను చేసేవారు లేకపోవడం అంటే అదే.

ఆ ఖాళీని ఊరిలో వైద్య పట్టా లేని ఆర్‌ఎంపీ భర్తీ చేస్తాడు. సూది, సెలైను దాకా ఆయన చూస్తాడు. కాన్పు కష్టమైనా, గుండెపోటు వచ్చినా, పాము కరిచినా మార్కాపురమో గిద్దలూరో, అక్కడ కాకపోతే ఒంగోలు, నంద్యాల, గుంటూరు. దారిలో గడిచిపోయే గంటలు ప్రాణాల మీదికి తెస్తాయి. బతికి బయటపడినవారికి అద్దె కారు, లాడ్జి, ప్రైవేటు బిల్లులతో అప్పు మిగులుతుంది. డాక్టరు ఊళ్లో లేనందువల్ల అయ్యే ఈ ఖర్చు ఏ ప్రభుత్వ లెక్కలోనూ మేధోవలస కింద నమోదు కాదు.

మార్కాపురంలో ప్రభుత్వ వైద్య కళాశాల వస్తే ఈ స్థితి మారుతుందని ఈ ప్రాంతం ఎంతో ఆశపడింది. వైద్య కళాశాల ఉన్న చోట బోధనాసుపత్రి ఉంటుంది, అన్ని విభాగాల నిపుణులూ ఉంటారు, స్థానిక విద్యార్థులు అక్కడే చదివి అక్కడే పనిచేసే అవకాశం పెరుగుతుంది. నిర్మాణం మొదలయ్యాక పనులు ఆలస్యమయ్యాయి. 2025లో ప్రభుత్వం ఈ కళాశాలను ప్రైవేటు భాగస్వామ్యంతో నడపాలని నిర్ణయించడం రాజకీయ వివాదమైంది. ఏ పద్ధతిలో నడిచినా ప్రజలకు కావలసింది ఒక్కటే: పేదవాడు డబ్బు కట్టకుండా లోపలికి వెళ్లి, నిపుణుడైన డాక్టరు చేత వైద్యం చేయించుకుని బయటికి రాగలగడం.

బడిలో నష్టం నెమ్మదిగా జరుగుతుంది. ప్రభుత్వ ఉపాధ్యాయ నియామక పరీక్ష డీఎస్సీలో ఎంపికైన మంచి ఉపాధ్యాయులు పట్టణాల దగ్గరి బడులను కోరుకుంటారు. మారుమూల బడిలో పనిచేస్తే బదిలీల్లో ఎక్కువ పాయింట్లు ఇచ్చే పద్ధతి ఉన్నా, ఆ పాయింట్లతో తర్వాత పట్టణానికి వెళ్లిపోవడమే జరుగుతుంది. చాలామంది మార్కాపురంలోనో ఒంగోలులోనో ఉండి బస్సుల్లో వచ్చిపోతారు. ఉపాధ్యాయుడి కుటుంబం ఊళ్లో ఉన్నప్పుడు సాయంత్రం వీధి అరుగు మీద లెక్క అడిగే పిల్లవాడు ఉండేవాడు, పంచాయతీ గొడవలో నాలుగు మాటలు చెప్పే మాస్టారు ఉండేవారు. ఇప్పుడు నాలుగు గంటల తర్వాత ఊళ్లో ఆ మనిషి లేడు. లెక్కలు, సైన్సు బాగా చెప్పగల యువకులకు కార్పొరేట్ కాలేజీలు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఎక్కువ జీతం ఇస్తుంటే పల్లె బడికి వచ్చేవారు తగ్గుతారు. మంచి బడి లేదని పిల్లలు వెళ్లిపోతారు, పిల్లలు లేరని బడి చిక్కిపోతుంది.

ఇంజనీర్ల విషయంలో నష్టం మరో రూపంలో ఉంటుంది. చెరువు కట్టలు, బోర్లు, ఫ్లోరైడు వడకట్టే యంత్రాలు, బిందుసేద్యం, సోలార్ మోటార్లు, పలక రాయి తీసేటప్పుడు వృథా అయ్యే రాతిని వాడుకునే పద్ధతులు, ఇవన్నీ ఈ ప్రాంతానికి కావలసిన ఇంజనీరింగు సమస్యలే. ఈ ప్రాంతపు పిల్లలు చదివింది కూడా ఇంజనీరింగే. వాళ్ల తెలివి మాత్రం వేల మైళ్ల దూరంలోని బ్యాంకుల, దుకాణాల సాఫ్ట్‌వేరుకు ఉపయోగపడుతోంది. వ్యవసాయ పట్టభద్రులు, పశువైద్యులు, వకీళ్ల సంగతీ ఇంతే. ఒక పట్టణంలో మంచి డాక్టరు, మంచి మాస్టారు, మంచి వకీలు, మంచి ఇంజనీరు కలిసి ఉన్నప్పుడు గ్రంథాలయం నడుస్తుంది, ప్రభుత్వాన్ని ప్రశ్నించేవారు ఉంటారు, పిల్లలకు అలా కావాలన్న ఆశ పుడుతుంది. వాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతే మిగిలినవాళ్లూ నిలవలేరు.

ఇల్లు, ఊరు

వలస కుటుంబాలకు మేలు చేసిందన్నది దాచాల్సిన విషయం కాదు. అప్పులు తీరాయి, చెల్లెళ్ల పెళ్లిళ్లయ్యాయి, మట్టి మిద్దెల స్థానంలో డాబాలు లేచాయి. భారత్‌కు 2023-24లో విదేశాల నుంచి 11,870 కోట్ల డాలర్లు వచ్చాయని రిజర్వు బ్యాంకు లెక్క. అందులో ఎక్కువ భాగం ఇప్పుడు గల్ఫ్ నుంచి కన్నా అమెరికా, బ్రిటన్ వంటి సంపన్న దేశాల నుంచి వస్తోంది. ఆ సొమ్ములో తెలంగాణ వాటా 8.1 శాతం, ఆంధ్రప్రదేశ్ వాటా 4.4 శాతం. వెళ్లినవారిని చూసి తమ్ముళ్లు, చెల్లెళ్లు చదువు మీద మనసు పెట్టడం మరో లాభం. పైదేశం వెళ్లే ఆశ వల్లనే చదువుకునేవారు పెరుగుతారని, వారిలో కొందరైనా ఇక్కడే ఉంటారు కాబట్టి మొత్తం మీద సమాజం లాభపడవచ్చని వాదించే ఆర్థికవేత్తలూ ఉన్నారు.

ఆ లాభం ఇంటికి అందినంతగా ఊరికి అందదు. వచ్చిన డబ్బు ఎక్కువగా ఇళ్లలోకి, హైదరాబాదు ఫ్లాట్లలోకి, రోడ్డు పక్క స్థలాల్లోకి వెళ్తుంది. పొలం ధర పెరిగి, సేద్యం చేసేవాడు కొనలేక కౌలుదారుగానే ఉండిపోతాడు. పొలం యజమాని దూరంగా ఉంటే బోరు మరమ్మతుకో, మొక్కల పెంపకానికో పెట్టుబడి పెట్టే నిర్ణయం ఎవరూ తీసుకోరు.

అన్నింటికన్నా బరువైనది ఇంట్లో మిగిలిన తల్లిదండ్రుల ఒంటరితనం. వీడియో కాల్లో మనవడి ముఖం చూసి సంతోషించే అమ్మమ్మకు రాత్రి ఆయాసం వస్తే తోడు వెళ్లేది పక్కింటివాళ్లు. మందులు, బ్యాంకు పని, పింఛను కాగితాలు, అన్నింటికీ ఇరుగుపొరుగు మీద ఆధారపడాల్సిందే. ఎవరైనా పోతే కొడుకు వచ్చేదాకా శవాన్ని ఫ్రీజర్ పెట్టెలో ఉంచి ఎదురుచూడటం పల్లెల్లో కూడా మామూలైపోయింది. ప్రేమ తక్కువై పిల్లలు రాలేకపోవడం లేదు. వీసా, సెలవు, టిక్కెట్టు, ఉద్యోగ భయం వారి చేతుల్లో లేనివి.

వెళ్లినవారి జీవితమూ తేలిక కాదు. పొలం తాకట్టు పెట్టి, బ్యాంకు విద్యారుణం తీసుకుని వెళ్లిన విద్యార్థికి అక్కడ ఉద్యోగం దొరకకపోతే ఆ భారం ఇంటి మీద పడుతుంది. హెచ్-1బీ వీసాలు ఏడాదికి 85 వేలే. గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతానికి మించి ఇవ్వకూడదన్న నియమం వల్ల భారతీయులు దశాబ్దాలు వేచి ఉండాలి. 2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం కొత్త హెచ్-1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక ఆ దారి మరింత ఇరుకైంది. ఒక్క దేశపు వీసా విధానం మీద ఒక ప్రాంతపు యువత భవిష్యత్తు వేలాడటం ఎంత ప్రమాదమో ఆ ఒక్క ప్రకటన చూపించింది.

తిరిగి వచ్చినవారు చెప్పే పాఠం

వెళ్లినవారు తిరిగి రారన్నది సిద్ధాంతం కాదు. రేడియాలజీ నిపుణుడు డాక్టర్ కాకర్ల సుబ్బారావు అమెరికాలో దీర్ఘకాలం పనిచేశారు, తానా తొలి అధ్యక్షుడయ్యారు. 1986లో ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు పిలుపుతో వచ్చి హైదరాబాదు నిమ్స్ బాధ్యత తీసుకుని దాన్ని పెద్దాసుపత్రిగా తీర్చిదిద్దారు. గుంటూరు వైద్య కళాశాలలో చదివి అమెరికాలో కంటి వైద్యుడిగా పేరు తెచ్చుకున్న గుళ్లపల్లి నాగేశ్వరరావు 1980ల్లో తిరిగి వచ్చి, సినీ ప్రముఖుడు ఎల్.వి. ప్రసాద్ ఇచ్చిన విరాళం, స్థలంతో కంటి వైద్య సంస్థను స్థాపించారు. ఆ సంస్థ హైదరాబాదుకే పరిమితం కాలేదు. పల్లెల్లో చూపు కేంద్రాలు, చిన్న పట్టణాల్లో ఆపరేషన్లు చేసే ఆసుపత్రులు పెట్టింది. వాటిలో ఒకటి మార్కాపురంలో ఉంది. అమెరికాలో ఉంటూనే ఇక్కడి సంస్థలకు దారి చూపినవారూ ఉన్నారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి హైదరాబాదు ట్రిపుల్ ఐటీకి, గ్రామీణ విద్యార్థుల ట్రిపుల్ ఐటీలకు మార్గదర్శి.

ఈ ముగ్గురి అనుభవంలో ఉమ్మడి అంశం ఒకటుంది. వారికి పని చేయడానికి ఒక సంస్థ, స్వేచ్ఛగా నిర్ణయాలు తీసుకునే అధికారం దొరికాయి. జన్మభూమి ఋణం గుర్తుచేసి పిలిస్తే ఒకరిద్దరు వస్తారేమో. సంస్థ ఉంటే వందల మంది వస్తారు. తైవాన్ అనుభవమూ ఇదే. అమెరికా చదువులకు వెళ్లిన తన ఇంజనీర్ల కోసం ఆ దేశం 1980లో షిన్చు సైన్స్ పార్కు పెట్టింది. అమెరికా చిప్ పరిశ్రమలో పండిపోయిన మోరిస్ చాంగ్‌ను పిలిచింది. ఆయన 1987లో స్థాపించిన టీఎస్ఎంసీ ఇవాళ ప్రపంచపు అత్యాధునిక చిప్‌లలో అధిక భాగం తయారుచేస్తోంది.

నష్టపోయిన దేశాలకు పరిహారం గురించి అంతర్జాతీయ చర్చ కూడా జరిగింది. ఆర్థికవేత్త జగదీశ్ భగవతి 1970ల్లో వలస వెళ్లిన నిపుణుల ఆదాయంపై చిన్న పన్ను వేసి స్వదేశాలకు ఇవ్వాలని ప్రతిపాదించారు. అది అమలు కాలేదు. పేద దేశాల డాక్టర్లను, నర్సులను విచ్చలవిడిగా లాక్కోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఒక నియమావళి చేసింది. దానికి చట్టబద్ధత లేదు. దేశాల మధ్య న్యాయం కోసం వేచి చూస్తూ కూర్చుంటే పశ్చిమ ప్రకాశానికి ఒరిగేది ఉండదు.

చేయవలసిన పనులు

పిల్లల్ని వెళ్లొద్దని ఆపడం తప్పు, అది సాధ్యమూ కాదు. వెళ్లడం తప్పనిసరి కాని పరిస్థితి, తిరిగి రావాలనుకున్నవారికి వచ్చే దారి, రెండూ ఏర్పరచడమే లక్ష్యం కావాలి. ఇందుకు మొదటిది నీరు. వెలిగొండ నీళ్లు పొలాల్లోకి, ఫ్లోరైడు లేని నీళ్లు ఇళ్లలోకి రావాలి. రెండోది వైద్యం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసే ప్రభుత్వ డాక్టర్లకు పీజీ సీట్లలో ఇచ్చే ఇన్‌సర్వీస్ కోటా యువ డాక్టర్లను పల్లెలకు తెచ్చే గట్టి దారి. దానికి తోడు ఆసుపత్రి పక్కనే నివాసయోగ్యమైన క్వార్టర్లు, పిల్లలకు మంచి బడి, నిపుణులు జట్టుగా పనిచేసే ఏర్పాటు కావాలి. ఒంటరిగా వేసిన డాక్టరు నిలవడు. పల్లె నుంచి వచ్చిన వైద్య విద్యార్థులు పల్లెలో పనిచేయడానికి ఎక్కువ మొగ్గుతారని అనేక దేశాల అనుభవం. అందుకని స్థానిక పిల్లలకు స్థానిక కాలేజీల్లో చదువు అందాలి.

మూడోది పని. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు వేల మంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు తమ పల్లెల్లో కూర్చుని అమెరికా కంపెనీలకు పనిచేశారు. ఇంటర్నెట్టు, కరెంటు నిలకడగా ఉంటే ఆ పనులు మార్కాపురంలోనూ చేయవచ్చని అప్పుడే రుజువైంది. రాతి పరిశ్రమ, పళ్ల శీతలీకరణ, కంది, మిరప శుద్ధి కేంద్రాలు స్థానిక ఇంజనీర్లకు, మేనేజర్లకు ఉద్యోగాలు ఇవ్వగలవు. నాలుగోది వెళ్లినవారి సాయం. గుడి పునర్నిర్మాణానికి, స్వాగత ద్వారానికి ఇచ్చే చందాలతో పాటు ఊరి హైస్కూలు సైన్సు ల్యాబుకు, డయాలసిస్ యంత్రానికి, నర్సింగ్ విద్యార్థి ఫీజుకు ఇచ్చే అలవాటు పెరగాలి. వారంలో ఒక గంట వీడియోలో పాఠం చెప్పడం, సెలవుల్లో నాలుగు రోజులు ఆసుపత్రిలో కేసులు చూడటం డబ్బుకన్నా విలువైనవి. అవి అందుకోవడానికి ఊరి పక్షాన బాధ్యత తీసుకునే కమిటీ, లెక్కల్లో నిజాయితీ ఉండాలి.

బేస్తవారిపేటలో పుట్టి డాక్టరైన అమ్మాయిని ఊరికి తిరిగి రమ్మని అడిగే హక్కు సమాజానికి ఉంది. ఆమెకు పనిచేసే ఆసుపత్రి, ఉండే ఇల్లు, పిల్లలకు బడి, తాగే మంచినీళ్లు సమకూర్చిన రోజునే ఆ హక్కు చెల్లుతుంది. వాటిని సమకూర్చడం ప్రభుత్వాల బాధ్యత. సమకూర్చేదాకా గట్టిగా అడగడం ఇక్కడ మిగిలినవారి, ఇక్కడి నుంచి వెళ్లినవారి ఉమ్మడి బాధ్యత.